బోణీకి ముందు లేదనకూడదు

ఆ సోమవారం వరదరాజులు వేసుకున్న లెక్కలో తిరకాసేమీ లేదు. కొట్టు తెరవాలి, దీపం పెట్టాలి, బోణీ కావాలి, ఆ తర్వాత జయమ్మాళ్ దగ్గర్నుంచి ఫోను రావాలి. మొదటి రెండూ తన చేతిలో ఉన్నవి, మూడోది దేవుడి చేతిలో ఉన్నది, నాలుగోది జయమ్మాళ్ మనవడి చేతిలో ఉన్నది. ఆ వరసలో కష్టం పెరుగుతూ పోతుందని వ్యాపారం చేసినవాళ్లకి వేరే చెప్పనక్కర్లేదు.

పుదుచ్చేరి బజారులో వరదరాజులు శెట్టియారుది పాత్రల కొట్టు. తాత నాడు అందులో ఇత్తడి ఉండేది, తండ్రి నాడు ఎవర్‌సిల్వరు అనే స్టీలు వచ్చింది, తన నాటికి దుమ్ము చేరింది. జయమ్మాళ్ పిళ్ళైచావడి వైపు పొలాలున్న ఆసామి. ఆ పొలాల్లో కొంత భాగం ఈ మధ్యే కల్యాణ మండపంగా మొలిచింది. సాంబారు కాచే అండాల నుంచి వడ్డించే బకెట్ల దాకా మండపానికి కావలసిన సామానంతా ఒకే కొట్లో తీసుకోవాలని ఆమె ఉద్దేశం. వరదరాజులునీ, ఎదురు కొట్టు రఘునాథన్‌నీ, ఇంకా కొందరినీ పిలిచి ధరలు కనుక్కుంది. ఎవరికిచ్చేదీ ఈ వారంలోనే ఫోనులో తెలుస్తుందని ఆమె మనవడు చెప్పాడు. చెప్పేటప్పుడు కూడా అతను మనుషుల వైపు చూడలేదు, ఫోను వైపే చూశాడు.

ఆ ఆర్డరు మీదే కొట్టు నిలబడి ఉంది. వరదరాజులు కొడుకు అరవింద్ ఒక ఆడిటరు దగ్గర పని చేస్తాడు. సెలవులకి వచ్చే టూరిస్టులు కొట్టు ముందు నిలబడి ఫొటోలు తీసుకుంటారు తప్ప గరిటె కూడా కొనరని, అదే చోట కాఫీ అమ్మితే ఫొటో తీసుకుని కాఫీ కూడా తాగుతారని అతని వాదన. అద్దెకి తీసుకునే కాఫీ షాపు వాళ్లని కూడా చూసి పెట్టాడు. జయమ్మాళ్ ఆర్డరు ఈ వారంలో వస్తే కొట్టు ఉంటుంది, రాకపోతే తాళాలు కాఫీ వాళ్లకి ఇవ్వాలని తండ్రిని ఒప్పించాడు. తండ్రి గుణం తెలిసిన కొడుకు కాబట్టి ఈ మాట పొద్దున్నే, బోణీ కాకముందు అడిగాడు.

ఎందుకంటే వరదరాజులుకి తండ్రి నుంచి సంక్రమించిన ఆస్తి రెండే. ఒకటి కొట్టు, రెండోది ఒక నియమం. బోణీ కాకముందు నోటి నుంచి "లేదు", "వద్దు" అన్న మాటలు రాకూడదు. మొదట అడిగినవాడిని కాదని పంపిస్తే లక్ష్మి కూడా వాడి వెనకే వెళ్లిపోతుందని ఆయన తండ్రి నమ్మకం. కొట్లో లేని వస్తువు అడిగితే "రేపొస్తుంది" అనాలి. గిట్టని ధరకి అడిగితే ఏ గరిటో చెంచానో అంటగట్టి చేతిలో సంచీ బరువెక్కేలా చూడాలి. చందా పుస్తకాల వాళ్లంతా ఈ రహస్యం ఎరిగి, కొట్టు తలుపు తెరుచుకునే చప్పుడుకి హాజరయ్యేవారు. ఏళ్ల తరబడి కొట్లోనే పనిచేస్తున్న గుమాస్తా అళగేశన్ సెలవు అడిగేదీ ఆ సమయంలోనే.

సోమవారం దీపం పెట్టి వరదరాజులు చేతులు జోడించి ఉండగా ఫోను మోగింది. జయమ్మాళే అనుకుని ఆత్రంగా తీశాడు. అవతల ఒక ఆడగొంతు, తేనెలో నానబెట్టిన తమిళంలో, ఆయనకోసం అప్పు సిద్ధంగా ఉందని, కావాలంటే ఒకటి, వద్దనుకుంటే రెండు నొక్కమని చెప్పింది.

"మొదలాళీ, అది మిషను. పెట్టేయండి," అన్నాడు అళగేశన్. యజమానిని అతను మొదలాళి అనే పిలుస్తాడు. మాట వినేది మాత్రం తనకి తోచినప్పుడే.

"మిషనో మనిషో, పొద్దున్నే గడప తొక్కింది గదా. వద్దని యెట్ట చెప్పేది?"

"గడప యాడ తొక్కింది? చెవి తొక్కింది."

చెవి కూడా కొట్లోనే ఉంది కాబట్టి వరదరాజులు ఒకటి నొక్కాడు. మా ప్రతినిధి మిమ్మల్ని కలుస్తాడని చెప్పి గొంతు సెలవు తీసుకుంది. అక్కడితో పోయేదే. కానీ కాసేపటికి నటేశన్ నగర్ నుంచి ఒక కుటుంబం వచ్చి, గృహప్రవేశానికని గంగాళాలు, కుండలు, దీపాలు, ఆఖరికి గోడకి ఆనించి ఉన్న పాత ఇడ్లీ కొప్పెర కూడా కొనుక్కుపోయింది. అంత సొమ్ము గల్లాలో పడి చాలా కాలమైంది. దానికి కారణం గృహప్రవేశమని ఎవరికైనా తోస్తుంది. వరదరాజులుకి మాత్రం ఆ గొంతు చేతి చలవ అని తోచింది. గొంతుకి చెయ్యి ఎక్కడిదని అళగేశన్ అడిగితే, బోణీ విషయంలో తర్కం పనికిరాదన్నాడు.

మంగళవారం ఆయన ఫోనుకి బొట్టు పెట్టి దీపం పక్కన పెట్టుకున్నాడు. గొంతు కాస్త ఆలస్యం చేసింది. ఈలోగా ఒక ముసలమ్మ చారు గరిటె కావాలని వచ్చింది. ఆమె చేతి బోణీ ఎలాంటిదో తెలియదు, గొంతుది తెలుసు. తెలిసిన సరుకునే నమ్ముకోవడం వ్యాపారి ధర్మం. "కూచో అవ్వా, ఎండలో వచ్చినావు," అని ఆమెకి స్టూలు వేసి, మజ్జిగ తెప్పించి, ఫోను వైపు చూస్తూ కూర్చున్నాడు. మజ్జిగ తాగి ముసలమ్మ ఎదురు కొట్లో గరిటె కొనుక్కుని వెళ్లింది. తర్వాత గొంతు వచ్చింది. వరదరాజులు తృప్తిగా ఒకటి నొక్కాడు.

మనుషుల్లో ఒక కొట్టుకి మంచి పేరు రావాలంటే ఒక తరం పడుతుంది. మిషన్లలో ఒక్క నొక్కు చాలు. అడిగిందానికల్లా ఒప్పుకునే మనిషి పుదుచ్చేరిలో ఒకడున్నాడని ఒక మిషను ఇంకో మిషనుకి చెప్పుకుంది. బుధవారం నుంచి అప్పు మిషను వెనక బీమా మిషను, దాని వెనక ఇళ్ల స్థలాల మిషను, నీళ్లు శుద్ధి చేసే మిషను, చెవిటి మిషను వరసగా వచ్చాయి. ఇక్కడ లెక్క గమనించాలి. వరదరాజులు ఫోనులో ఉన్నాడు కాబట్టి వచ్చిన మనిషి కాసేపు నిలబడి పోతున్నాడు. మనిషి పోతున్నాడు కాబట్టి గల్లాలో డబ్బు పడే అసలు బోణీ కావడం లేదు. బోణీ కాలేదు కాబట్టి ఏ మిషనుకీ వద్దని చెప్పే వీలు లేదు. వద్దని చెప్పడు కాబట్టి ఇంకో మిషను వస్తుంది. ఇంత పటిష్ఠమైన గొలుసు ఆయన కొట్లో ఏ కొండికీ లేదు.

ఫోను అస్తమానం మాట్లాడుతూ ఉంటే జయమ్మాళ్ ఫోను ఎలా అందుతుందని అళగేశన్ అడిగాడు. ఆ సంగతి వరదరాజులుకీ రాత్రుళ్లు నిద్ర పట్టనివ్వడం లేదు. అయినా మధ్యలో పెట్టేయడం కూడా వద్దన్నట్టే కదా. అంచేత మిషను ఎంత చెబితే అంత వినేవాడు, ఒకటి నొక్కేవాడు, జయమ్మాళ్ ఫోను రాలేదని దిగులుపడేవాడు.

ఒకటి నొక్కితే ప్రతినిధులు వస్తారని మిషన్లు చెప్పినప్పుడు ఆయన దాన్ని మర్యాద మాట అనుకున్నాడు. వ్యాపారంలో "రేపొస్తుంది" అంటే ఎంత నిజమో అదీ అంతే అనుకున్నాడు. కానీ వాళ్లు నిజంగానే వచ్చారు.

నీళ్ల మిషను వాళ్లు ఇంటికే వెళ్లారు. వరదరాజులు భార్య విశాలాక్షి కాపురానికి వచ్చిన నాటి నుంచి భర్త చేత ఇంటికి కొనిపించిన వస్తువులన్నీ ఆమె అడిగి, అలిగి, మళ్లీ అడిగి సాధించినవే. అడక్కుండా ఒక వస్తువు గుమ్మంలోకి రావడం ఇదే మొదలు. తెచ్చినవాడు గోడకి రెండు బెజ్జాలు కొట్టి, మిషను తగిలించి, గ్లాసుడు నీళ్లు పట్టి ఇచ్చాడు. ఆమె ఆ నీళ్లు కళ్లకద్దుకుని తాగి, పక్కింటావిడ తిలగాన్ని పిలిచి చూపించి, తన భర్త పైకి అలా కనిపిస్తాడు గానీ లోపల వేరని చెప్పింది. సాయంత్రానికి చూపించడం అయిపోయిందని, కొనాలంటే ఫోను చేయమని చెప్పి వాడు మిషను విప్పుకుని పోయాడు. బెజ్జాలు ఉంచి వెళ్లాడు.

రాత్రి వరదరాజులు ఇంటికి వచ్చేసరికి కాఫీ లేదు. కాఫీ లేకపోవడానికి కారణం అడిగితే గోడ చూపించింది.

"అది నేను రమ్మన్లేదు. వాళ్లే అడిగినారు. బోణీకి ముందు," అన్నాడు ఆయన.

"మిషను అడిగితే ఒకటి నొక్కినారు. ఇన్నేళ్లుగా నేను అడుగుతా ఉండా, నాకు ఏం నొక్కినారు?"



కొట్టు పరిస్థితి ఇంతకంటే బాగా లేదు. చెవిటి మిషను కుర్రవాడు బేరం నడుస్తుండగా వచ్చి, ఆయన చెవిలో ఒక బిళ్ల దూర్చి, "ఇప్పుడు వినిపిస్తోందా అయ్యా," అని గట్టిగా అరిచాడు. అప్పట్నుంచి బజారంతా ఆయనతో అరుస్తూ మాట్లాడసాగింది. స్థలాల వాళ్లు కారు తెచ్చి, ఊరికి చాలా దూరంలో ఉన్న ముళ్లకంపలు చూడ్డానికి ఎక్కమని పట్టుబట్టారు. వీటన్నిటికంటే అప్పు వాళ్ల మనిషి చేసిన పని పెద్దది. అతను పద్ధతిగా పని చేసేవాడు. ఒకటి నొక్కిన మనిషి ఎలాంటివాడో విచారించాలి కాబట్టి నేరుగా ఎదురు కొట్టుకి వెళ్లి రఘునాథన్‌ని అడిగాడు.

రఘునాథన్ అబద్ధం చెప్పే మనిషి కాదు. వరదరాజులు చాలా మంచివాడని చెప్పి, ఒక క్షణం ఆగి, "పాపం," అన్నాడు. ఆ ఒక్క మాట సాయంత్రంలోగా బజారు చివరిదాకా నడిచి వెళ్లి, దారిలో కాళ్లూ చేతులూ మొలిపించుకుని తిరిగి వచ్చింది. వచ్చేసరికి వరదరాజులు కొట్టు ఎత్తేస్తున్నాడనీ, ఊరంతా అప్పు అడుగుతున్నాడనీ, దిగులుతో చెవులు కూడా పోయాయనీ తేలింది. ఎన్నడూ కొట్టు మెట్లెక్కని ఆడవాళ్లు వచ్చి, ఎత్తేసే ధరకి అన్నం గిన్నెలు ఇస్తారా అని చెవి దగ్గర అరిచి అడిగారు. ఇది విన్న అరవింద్, ఆర్డరు ఇక రాదని లెక్క తేల్చి, కాఫీ వాళ్లని శుక్రవారం కొలతలకి రమ్మన్నాడు.

గురువారం రాత్రి విశాలాక్షి ఒక రోజంతా అలిగాక నోరు తెరిచింది.

"రేపు పొద్దున వచ్చే మొదటి ఫోనుకి వద్దని చెప్పండి. బోణీ అయినా సరే, కాకపోయినా సరే."

"మా నాయన కొట్లో యాడైనా అట్ట చేసినాడా?"

"మీ నాయన కొట్లో ఫోను యాడుండింది? చెప్పకపోతే నాకు తెలిసిన ఆడోళ్లందరికీ మీ నంబరు ఇస్తా. పొద్దున్నే బోణీకి ముందు చేసి, కావల్సింది అడగమంటా."

మిషన్ల కంటే అది ఎక్కువ నష్టమని వరదరాజులు తేలిగ్గానే గ్రహించాడు.

శుక్రవారం దీపం పెట్టేసరికే కాఫీ వాళ్లు టేపుతో వచ్చి గోడలు కొలవడం మొదలుపెట్టారు. అరవింద్ టేపు ఒక కొస పట్టుకున్నాడు. తాత నాటి ఇత్తడి అండాని మాత్రం తీయొద్దని, అందులో మొక్క పెడితే చాలా బాగుంటుందని వాళ్లలో ఒకాయన ముచ్చటపడ్డాడు. ఒకప్పుడు ఊరి పెళ్లిళ్లన్నిటికీ పప్పు ఉడికిన అండా అది. దానికేసి చూస్తూ వరదరాజులు నిలబడి ఉండగా ఫోను మోగింది.

తేనెలో నానిన అదే తరహా గొంతు. "వణక్కం," అని మొదలుపెట్టి ఏదో చెప్పుకుపోతోంది. వరదరాజులుకి గోడకి పడ్డ బెజ్జాలు గుర్తొచ్చాయి, చెవిలో బిళ్ల గుర్తొచ్చింది, కళ్లెదుట అండాలో మొక్క కనిపించింది. గొంతు ఏం చెబుతోందో ఒక్క ముక్క వినలేదు. వద్దనుకుంటే రెండు అన్న మాట చెవిన పడగానే బొటనవేలితో ఫోను కుంగిపోయేలా రెండు నొక్కాడు. అది చాలదని నోటితో కూడా చెప్పాడు.

"వద్దు. మాకేం వద్దు. ఇంక చేయద్దు."

నన్రి అని ధన్యవాదాలు చెప్పి గొంతు ఎప్పటిలాగే వినయంగా వెళ్లిపోయింది. దీపం ఆరలేదు. గల్లాపెట్టె విరగలేదు. అళగేశన్ మాత్రం గర్భగుడిలో విగ్రహం తుమ్మితే చూసినట్టు చూశాడు. వరదరాజులుకి ఒళ్లంతా తేలికైంది. ఇంత సులువైన పని ఇన్నేళ్లు చేయకుండా ఎంత నష్టపోయానా అనుకుని, ఆ ఊపులో తర్వాత వచ్చిన బీమా మిషనుకీ, స్థలాల మిషనుకీ కూడా వద్దన్నాడు.

ఆయన సంతోషం టీ వచ్చేదాకా నిలిచింది. ఆ టీ రఘునాథన్ పంపించింది. ఎప్పుడూ తన టీ కూడా తాను కొనుక్కోని మనిషి వీధికంతటికీ టీ పంపించడం చూసి వరదరాజులు గ్లాసు అందుకోకుండా ఎదురు కొట్టు వైపు చూశాడు. వెనకే రఘునాథన్ వచ్చి, చెవిటివాడితో మాట్లాడుతున్నట్టు గట్టిగా చెప్పాడు.

"జయమ్మాళ్ ఆర్డరు మాకొచ్చేసింది శెట్టియారే. ఇప్పుడంతా మిషనే గదా. పొద్దున మిషను చేసి అడిగింది, ఒకటి నొక్కేసినా. మీకు రాలేదా?"

వరదరాజులు రఘునాథన్ ఫోనులో నంబరుని తన ఫోనులోదానితో పోల్చి చూసుకున్నాడు. పోల్చకుండానే తెలిసింది గానీ, నష్టాన్ని కూడా సరిచూసుకోకుండా ఒప్పుకోకపోవడం ఆయన అలవాటు. అదే నంబరు. తిరిగి చేస్తే ఈ నంబరుకి ఫోన్లు అందవని ఇంకో గొంతు చెప్పింది. అడిగిన ప్రతి గొంతుకీ వారమంతా ఒకటి నొక్కి, నొక్కవలసిన ఒక్క గొంతుకీ రెండు నొక్కాడు.

అరవింద్ టేపు చుట్టి జేబులో పెట్టుకుని, "సాయంత్రం తాళాలు ఇచ్చేద్దాం నాయనా," అన్నాడు. గొంతులో కోపం లేదు. అదే ఎక్కువ బాధ పెట్టింది.

వరదరాజులు స్కూటరు తీశాడు. వైతికుప్పం దాటేదాకా జయమ్మాళ్‌కి చెప్పవలసిన క్షమాపణలు వరసగా పేర్చుకున్నాడు. మిషను సంగతి చెప్పాలి, బోణీ సంగతి చెప్పాలి, అవసరమైతే కాళ్లు పట్టుకోవాలి. సముద్రపు గాలికి ఆ వరస చెదిరిపోయి, పిళ్ళైచావడి చేరేసరికి కాళ్ల సంగతి ఒక్కటే మిగిలింది.

మండపంలో ఇంకా రంగు వాసన పోలేదు. జయమ్మాళ్ మధ్యలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, మనవడి కంప్యూటరు వైపు అనుమానంగా చూస్తోంది. వరదరాజులు లోపలికి అడుగు పెట్టగానే ఇంకో కుర్చీ వేయించింది.

"రాండి శెట్టియారే. మీరొస్తారని నాకు తెలుసు."

"అమ్మా, తప్పయిపోయింది..."

"తప్పే. తప్పు గాకపోతే ఏంది? ఆ రేటు పెట్టమని వీడికి నేనే చెప్పినా."

వరదరాజులు నోరు మూసుకున్నాడు. అర్థం కానప్పుడు నోరు మూసుకోవడం ఆయనకి తెలిసిన వ్యాపార సూత్రాల్లో ఒకటి. జయమ్మాళ్ వివరంగా చెప్పింది. మనవడి చేత మిషనులో ఒక బేరం చెప్పించింది. రేకు ఖరీదుకి కూడా సరిపోని ధర, పైగా చిల్లులు పడితే ఊరికే మాటు వేసివ్వాలి, పైగా వచ్చే ముహూర్తానికల్లా సామానంతా దించాలి. సమ్మతమైతే ఒకటి, వద్దనుకుంటే రెండు. పిలిచిన కొట్ల వాళ్లందరికీ ఒకేసారి ఫోను వెళ్లింది.

"అందరూ ఒకటే నొక్కినారు. మీ ఎదురు కొట్టాయన అయితే మిషను మాట ముగించేలోపలే నొక్కేసినాడంట. ఆ రేటుకి ఒప్పుకున్నోడు నాకు అండా ఇస్తాడా, అప్పడం ఇస్తాడా? పెళ్లి పూట సాంబారంతా పొయ్యిలోకి కారిపోతే ఎవుర్ని అడిగేది?" ఆమె వరదరాజులు వైపు మెచ్చుకోలుగా చూసింది. "మీరొక్కరే రెండు నొక్కినారు. నిదానంగా విని, లెక్కేసి, గిట్టదని మొగం మీదే చెప్పినారు. అట్టాంటి మనిషి కావాల నాకు."

నిజం వరదరాజులు నాలుక చివరిదాకా వచ్చింది. వ్యాపారి నాలుక చివర ఒక గడప ఉంటుంది. గిట్టుబాటు కాని సరుకు అక్కడే ఆగిపోతుంది. అయినా ఆయన మరీ చెడ్డవాడు కాదు కాబట్టి ఇంకో ప్రయత్నం చేశాడు. ఈలోగా జయమ్మాళ్, ఆయన మొదట చెప్పిన ధరలో కొంచెం తగ్గించుకుంటే పని అయిపోతుందని అంటోంది.

"లేదమ్మా..." అని మొదలుపెట్టాడు. అసలు జరిగిందేమంటే అని చెప్పాలని ఆయన ఉద్దేశం. మొదటి మాట దగ్గరే జయమ్మాళ్ చెయ్యెత్తి ఆపింది.

"చూసినావా రా," అంది మనవడితో. "ఇంత దూరం వచ్చి గూడా దిగడు. సరి శెట్టియారే, మీ రేటే కానియ్యండి. అండాలు మాత్రం మందంగా ఉండాల."

బయటికి వచ్చాక వరదరాజులు స్కూటరు తాళంచెవి కోసం జేబులన్నీ వెతుక్కున్నాడు. అది స్కూటరుకే ఉంది.

సాయంత్రానికి కాఫీ వాళ్లు వేరే బజారులో వేరే అండాని వెతుక్కుంటూ వెళ్లిపోయారు. అరవింద్ తండ్రిని కొత్త మనిషిని చూసినట్టు చూసి, బేరం అంటే ఇదని తమ ఆఫీసులో చెబుతానన్నాడు. రఘునాథన్ మొహం ముడుచుకుని వచ్చి, మిషను చెప్పిన మాటల్లో మోసం ఉందని ఎలా కనిపెట్టారని అడిగాడు. వరదరాజులు అతనికి టీ తెప్పించి, వినడం ఒక విద్య అని, తొందరపడి ఒప్పుకునేవాడు వ్యాపారానికి పనికిరాడని, లేదనడం తెలిసినవాడికే లక్ష్మి లొంగుతుందని చాలాసేపు బోధించాడు. బోధిస్తూ బోధిస్తూ మధ్యలో ఎక్కడో తానే నమ్మేశాడు.

ఇంట్లో కాఫీ దొరికింది. జరిగిందంతా విని విశాలాక్షి ఒక్క ప్రశ్న వేసింది.

"నిజం చెప్పండి. ఆ మిషను మాట విన్నారా?"

"లేదు," అన్నాడు వరదరాజులు.

శనివారం ఆయన కొట్టు తెరిచి, దీపం పెట్టి, కొత్త తెలివితో గల్లా దగ్గర కూర్చున్నాడు. మొదటగా వచ్చిన ఆవిడ ఒక పాల గిన్నె చేతిలోకి తీసుకుని, చెప్పిన ధరకి కొంచెం తగ్గించమని అడిగింది. బోణీ కాలేదని అళగేశన్ వెనక నుంచి దగ్గాడు. వరదరాజులు గడ్డం పైకెత్తి, నిదానంగా, చిరునవ్వుతో లేదన్నాడు. ఆవిడ గిన్నె కింద పెట్టి, రోడ్డు దాటి, రఘునాథన్ కొట్లో బోణీ చేసింది.